బాగేపల్లి నర్సమ్మ రాతలు

నేను చింతామణిలో కన్నడ టీచర్ని. పద్దెనిమిదేళ్లుగా హైస్కూలు పిల్లలకు కన్నడ వ్యాకరణం చెబుతున్నాను. ఇంట్లో మాత్రం మాది తెలుగు. అమ్మతో, అత్తతో, మా ఆయనతో, కూరగాయలమ్మే ఆమెతో అంతా తెలుగులోనే. కానీ ఆ తెలుగును అక్షరాల్లో చూసే అలవాటు నాకు లేదు. మా వైపు చాలా ఇళ్లలో ఇంతే. మాట ఒక భాషలో, చదువు ఇంకో భాషలో.

నలభై దాటాక తెలుగు చదవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడం కూడా ఎక్కువే. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు మేనత్త పిల్లల్లాంటివి. ముఖాలు తెలిసినవే, తలకట్టు దగ్గర కాస్త తడబడతాం, అంతే. స్కూళ్లు మూతపడి పాఠాలన్నీ ఫోన్లోకి వచ్చిన రోజుల్లో, ఏదో వెతకబోతే తెలుగులో బ్లాగులు రాసుకునే చోటొకటి కనబడింది. ఎవరైనా రాసుకోవచ్చు, ఎవరైనా చదవచ్చు, కింద అభిప్రాయం పెట్టవచ్చు. మొదట్లో ఒక్కో పేరా కూడబలుక్కుని చదివేదాన్ని. వంటల గురించి, ప్రయాణాల గురించి, రాజకీయాల గురించి రాసేవాళ్లుండేవారు. బాగానే ఉండేవి. కానీ అది టీవీలో వినే తెలుగు. నా నోట్లో ఉన్న తెలుగు కాదు.

ఒక మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాసు అయిపోయాక ఒక వ్యాసం తెరిచాను. మొదటి వాక్యమే నన్ను ఆపేసింది. "రిజిస్టర్లో మేం రాసేది కన్నడంలో, ఆడోళ్లు ఏడ్చేది తెలుగులో" అని ఉంది. రాసినావిడ ఒక రిటైరైన నర్సు. ముప్ఫై ఏళ్లకు పైగా పల్లెలు తిరిగి కాన్పులు చేసింది. నొప్పులు మొదలైన ఆడమనిషి ఏ మాటలు అంటుందో, ఎవరిని పిలుస్తుందో, ఎవరిని తిడుతుందో రాసుకుంటూ పోయింది. ఆ మాటలన్నీ మావే. 'ఉండాది', 'యాడికి', 'వద్దుమ్మా నా చేత కాదు'. మా అమ్మ, మా పెద్దమ్మ, నేను కూడా కాన్పు గదిలో అన్న మాటలు. వ్యాసం అయ్యేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మా మాటకు అచ్చు అవతారం ఉంటుందని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

ఆవిడ రాసినవన్నీ వెతికి చదివాను. వాగు దాటేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, మందుల సంచి నెత్తిన పెట్టుకుని నడిచిన సంగతి. కాన్పయ్యాక ఆడబిడ్డా మగబిడ్డా అని అడగకుండా, "పొద్దున్నించి ఏమన్నా తింటివా తల్లీ" అని నర్సునే అడిగి, రాగిముద్ద, ఉలవచారు పెట్టిన ఒక అత్తగారి సంగతి. ఒక ఇంట్లో మామ నడవాలోనే కూర్చున్నాడని, లోపల కోడలు నోట్లో కొంగు కుక్కుకుని నొప్పులు ఓర్చుకుంటోందట. ఈవిడ బయటికొచ్చి, "దబ్బణం కావాల, పక్కూరి నుంచి తెచ్చియ్యప్పా" అని ఆ పెద్దాయన్ని పంపేసిందట. ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యాక ఆ పిల్ల గట్టిగా అరిచిందట. ఆయన దబ్బణం తెచ్చేసరికి మనవరాలు పుట్టింది. దబ్బణం ఎందుకని ఆయన అడగలేదట, ఈవిడ చెప్పలేదట.

మూడు రోజులు తటపటాయించి ఒక అభిప్రాయం రాశాను. అదే నేను జీవితంలో తెలుగులో రాసిన మొదటి వాక్యం. "అమ్మా, ఇది మా ఇంటి మాట" అని. సాయంత్రానికి జవాబు వచ్చింది: "మీది యాడమ్మా?" చింతామణి అన్నాను. "నాది బాగేపల్లి. చేలూరు మీద వస్తే రెండు గంటల దారి" అని రాసింది.

అట్లా మొదలైంది. ఆవిడ వారానికో పది రోజులకో ఒకటి రాసేది. నేను కింద రాసేదాన్ని. ఆవిడ బదులిచ్చేది. మాతోపాటు ఇంకొకాయన కలిశాడు. చిక్కబళ్లాపురంలో పూల వ్యాపారం ఆయనది. తెల్లవారుజామున మార్కెట్లో తను చూసినవి చిన్న చిన్న ముక్కలుగా రాసేవాడు. ధర పడిపోయిన రోజు బంతిపూల మూటలు రోడ్డు పక్కన పారబోసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయిన రైతు గురించి ఆయన రాసింది చదివి నేను రెండు రోజులు బంతిపూలు కొనలేకపోయాను. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని. నర్సమ్మను ఇద్దరం అమ్మా అనేవాళ్లం.

నా పక్కన ఇట్లాంటి మాటలు మాట్లాడుకునే మనుషులెవరూ లేరు. మా ఆయన మంచివాడే. విత్తనాలు, ఎరువుల అంగడి చూసుకుంటాడు, ఇంటికొస్తే అలసిపోతాడు. స్టాఫ్ రూములో మాటలు సిలబస్ చుట్టూ, సంబంధాల చుట్టూ తిరుగుతాయి. చదివింది ఇంకొకరితో చెప్పుకోవడం, ఆ ఇంకొకరు అందులో నేను చూడనిది చూసి చెప్పడం, ఇది ఇంత తీపి అని నాకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే ఫోను తీసి చూసుకునేదాన్ని, ఎవరన్నా ఏమన్నా రాశారా అని.

ఒకసారి ఫోన్ నంబరు అడిగాను. ఆవిడ ఇవ్వలేదు. "ఫోన్లో మాట్లాడేస్తే రాసేదానికి ఏం మిగలదు తల్లీ. నన్ను చూడాలంటే ఇంటికే రా" అని, దారి రాసి పెట్టింది. బాగేపల్లి బస్టాండులో దిగి నర్సమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారట. పెళ్లి చేసుకోలేదని, తమ్ముడు, మరదలితో ఉంటున్నానని కూడా అప్పుడే చెప్పింది.

రమ్మని మూడుసార్లు పిలిచింది. మొదటిసారి నాకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. రెండోసారి మా అత్త బాత్‌రూములో జారిపడింది. రెండూ నిజాలే. మూడోసారి మాత్రం నేను అబద్ధం చెప్పాను. ఆ ఆదివారం పూలాయన కూడా వస్తానన్నాడు. నాకు ఏ పనీ లేదు. పొద్దున్నే తలస్నానం చేసి, చీర కట్టుకుని, బస్సు టైము కూడా చూసుకున్నాను. బయల్దేరే ముందు ఎందుకో గడపలోనే ఆగిపోయాను. అక్షరాల్లో నేను ఒక మనిషిని, ఎదురుగా ఇంకో మనిషిని అనిపించింది. రాసేటప్పుడు ఆలోచించి, చెరిపి, దిద్ది, మంచి మాట పెడతాను. ఎదురుగా కూర్చుంటే ఉల్లిగడ్డల ధర తప్ప నాకేం మాట్లాడటం వస్తుంది? ఆవిడకు ఎక్కడ నచ్చకుండా పోతానో అని భయపడ్డాను. ఇంటికి చుట్టాలొచ్చారని రాసేసి, చీర మార్చుకుని, ఆ రోజంతా గోధుమలు ఏరుకుంటూ కూర్చున్నాను. "పోనీలేమ్మా, ఇంటికొచ్చినోళ్లను ఇడిసిపెట్టి ఎట్లా వస్తావు" అని ఆవిడ రాసింది. నేను రాలేదని పూలాయన కూడా ఆగిపోయాడు.

తర్వాత నెలన్నరకు ఆవిడ వ్యాసం ఒకటి వచ్చింది. ఉమ్మనీరు పోయిన ఒక ఆడమనిషిని ఎద్దుల బండిలో ఆస్పత్రికి తీసుకుపోయిన సంగతి. సంగతి మంచిదే కానీ నిండా తప్పులు. 'బిడ్డ' ఉండాల్సిన చోట 'పిడ్డ' అని ఉంది. ఒక వాక్యం రెండుసార్లు వచ్చింది. ఇంకో వాక్యం మధ్యలోనే ఆగిపోయి, దాని కిందే వేరే సంగతి మొదలైంది. నాకు కోపం లాంటిది వచ్చింది. ఇంత బాగా రాసే మనిషి ఇంత అజాగ్రత్తగా ఎట్లా పెట్టింది అని. కంపోజిషన్ నోట్సులు దిద్దే చెయ్యి కదా నాది. కింద వరస నంబర్లు వేసి, ఏది తప్పు, ఏది ఒప్పు, పదకొండు తప్పులు రాశాను. "పెట్టే ముందు ఒక్కసారి చదువుకుంటే బాగుంటుందమ్మా" అని చివర ఒక మాట కూడా చేర్చాను. తెలుగులో మొదటి వాక్యం ఆవిడ దగ్గరే నేర్చుకుని రాసినదాన్ని నేను.

ఆవిడ జవాబు మూడు రోజుల తర్వాత వచ్చింది. "అవును తల్లీ. అక్షరం తెలుస్తాంది. వేలు ఇంకోదాని మీదికి పోతాంది. దిద్దుతాను."

దిద్దింది. పదకొండింట్లో ఏడు దిద్దింది. మిగిలిన నాలుగు అట్లాగే ఉండిపోయాయి. ఆ తర్వాత ఏమీ రాయలేదు.

రెండు వారాలు చూశాను. నెల చూశాను. నా మాటకు నొచ్చుకుందేమో అనుకుని క్షమించమని రాశాను. జవాబు లేదు. పూలాయన కూడా రాశాడు, ఆయనకూ లేదు. రెండో నెల కూడా గడిచాక ఆయన, "ఇట్లా రాసుకుంటూ కూచుంటే కాదు, పోయి చూస్తాం రామ్మా" అన్నాడు. ఆయన చిక్కబళ్లాపురం నుంచి పేరేసంద్ర మీదుగా, నేను చేలూరు మీదుగా, ఒక రెండో శనివారం బాగేపల్లి బస్టాండులో కలుసుకున్నాం. అప్పటిదాకా ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఆయన అరవై దాటిన సన్నటి మనిషి. చేతిలో గులాబీల పొట్లం. నేను యాపిల్స్ తీసుకున్నాను. కొట్టు దగ్గర అడిగితే అంగడాయన దారి చూపించి, "ఇప్పుడు బాగుండాదా ఆయమ్మకి?" అని మమ్మల్నే అడిగాడు. ఆ మాటకే నాకు సగం అర్థమైంది.

తలుపు తీసింది మరదలు. మేం ఎవరమో చెప్పుకోవడం కష్టమైంది. ఆవిడ ఫోన్లో రాసేవి చదువుతాం అన్నాం. ఫోన్లో రాస్తుందని ఆమెకు తెలియనే తెలియదు. పాటలు వింటుందేమో అనుకునేవాళ్లట. లోపలికి రమ్మంది.

నర్సమ్మ కిటికీ పక్కన మంచం మీద, వెనక దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను అనుకున్నంత పెద్ద మనిషి కాదు, పొట్టిగా, గుండ్రటి ముఖం. కుడిచెయ్యి ఒడిలో వేరే ఎవరిదో పెట్టినట్టుంది. నోరు ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాయి. నేను దగ్గరికి పోయి చింతామణి టీచర్నని చెప్పాను.

"లేదు" అంది.

నేను తెల్లబోయాను. మరదలు నెమ్మదిగా చెప్పింది. "పక్షవాతం వచ్చి మాట పడిపోయిందమ్మా. ఆ ఒక్క మాటే మిగిలిండాది. ఆకలైనా 'లేదు', నీళ్లు కావల్లన్నా 'లేదు', సంతోషమైనా 'లేదు' అనే. మేము ముఖం చూసి కనుక్కుంటాండాము."

చదవడం కూడా పోయిందట. పేపరు ఇస్తే తిరగేసి మరగేసి చూసి కింద పెట్టేస్తుందట. ఎప్పుడు జరిగిందని అడిగితే చెప్పిన రోజు, నాకు ఆఖరి జవాబు వచ్చిన వారం లోపలే. దానికి ముందు నెలరోజులుగా చెయ్యి తిమ్మిరి అంటూ ఉండేదట, చెంచా జారిపోయేదట. "ఆస్పత్రికి పోదాం రామ్మా అంటే, నాకు తెలీదా అనె. తెలిసే అన్నిందో, తెలీక అన్నిందో" అని మరదలు కళ్లు తుడుచుకుంది.

నా లోపల ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు. వేలు ఇంకోదాని మీదికి పోతోందని ఒక నర్సు నాకు చెప్పింది. నేను దాన్ని అచ్చుతప్పుల కింద లెక్కవేశాను. ఎవరికైనా చెప్పి ఉంటే, ఒక్క మాట "చెయ్యి ఎట్లుంది" అని అడిగి ఉంటే. పూలాయన నాకేసి చూడకుండా గులాబీలు ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, "లేదు, లేదు" అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొదట చేసిన పని, నా పదకొండు తప్పుల జాబితా తీసేయబోవడం. తీసేస్తే దాని కింద ఉన్న జవాబులు కూడా పోతాయని ఫోను హెచ్చరించింది. ఆవిడ ఈ లోకంలో ఆఖరుగా రాసిన నాలుగు వాక్యాలు ఆ జాబితాకు అంటుకుని ఉన్నాయి. వద్దని నొక్కాను. అది ఇంకా అక్కడే ఉంది. చదివినవాళ్లు నా గురించి ఏమనుకున్నా, అనుకోనీ.

మా ఆయనకు ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మొత్తం చెప్పాను. అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చున్న ఆదివారం సంగతి కూడా. ఆయన చాలాసేపు తినకుండా విన్నాడు. తర్వాత, "చదవలేకపోతే నువ్వు చదివి వినిపీ. నెలకు రెండు శనివారాలు పో, అమ్మను నేను చూసుకుంటా" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకిచ్చిన మాటల్లో అంత మంచి మాట నాకు గుర్తు లేదు.

అట్లా వెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడ రాసినవే ఆవిడకు చదివి వినిపించాను. కొన్ని చోట్ల తల ఊపేది. కొన్ని చోట్ల ఎడమచెయ్యి గాల్లో ఆడించి, "లేదు లేదు లేదు" అనేది. తప్పు చదివానా? ఆ సంగతి వద్దంటోందా? ఇంకా ఏమన్నా చెప్పాలనుకుంటోందా? నాకు తెలిసేది కాదు. "ఇది మీరు రాసిందేనమ్మా, గుర్తుండాదా?" అని ఒకసారి అడిగాను. "లేదు" అంది. ఉంది అని చెప్పాలన్నా ఆ మాటే కదా. ఆవిడ నా ముఖంలోకి చూసింది, నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఇద్దరికీ భాషే బతుకు.

మరదలు పని చేసుకుంటూ వినేది. పక్కింటివాళ్లు కూడా వచ్చి గడపలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకనాడు దబ్బణం వ్యాసం చదువుతుంటే ఒక యాభై ఏళ్లామె ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయిపోయాక, "అది నేనేనమ్మా" అంది. "మా మామ ఆ దబ్బణం గోడలో గుచ్చి పెట్టినాడు. ఎందుకని మేమెవరం అడగలేదు. నన్ను అరిచేదానికి ఇడిసిపెట్టినారని ఇన్నేళ్లకి తెలిసింది" అంటూ మంచం దగ్గరికి పోయి, కదలని ఆ కుడిచెయ్యి తీసి తన చెంపకు ఆనించుకుంది. నర్సమ్మ ఈసారి ఏమీ అనలేదు. కళ్లు మూసుకుంది. కన్నీళ్లు చెవుల దాకా కారాయి.

ఎనిమిది నెలలు అట్లా నడిచింది. పూలాయన వీలైనప్పుడు వచ్చేవాడు. వాన పడుతున్న ఒక శనివారం నేను వెళ్లేసరికి మంచం గోడకు నిలబెట్టి ఉంది. గది కడిగిన తడి ఇంకా ఆరలేదు. మంగళవారం పక్షవాతం ఇంకోసారి వచ్చిందట, బెంగళూరుకు తీసుకుపోతుండగానే దారిలో పోయిందట. బుధవారమే అంతా అయిపోయింది.

"నీకు చెప్పల్లనుకుంటిమి" అని మరదలు నా చేతులు పట్టుకుంది. "నీ నంబరు లేదు. చింతామణిలో యాడ అని అడుగుదుము? నీ పేరు కూడా మాకు తెలీదు కదమ్మా. టీచరమ్మ అనే కదా పిలుస్తాంటిమి."

నిజమే. ఎనిమిది నెలలు వాళ్లింట్లో కాఫీ తాగి, ముద్ద తిని, ఒక్కసారి కూడా పేరు చెప్పలేదు, నంబరు ఇవ్వలేదు. ఇవ్వాలని తోచలేదు. ఆమె కడగడం పూర్తి కాని గిన్నెలు కొన్ని పెరట్లో ఉంటే, ఆమె వద్దంటున్నా పోయి కడిగాను.

దినాల రోజు పూలాయన ఒక గంపెడు పూలు తెచ్చాడు. ఊళ్ల నుంచి ఆడవాళ్లు చాలామంది వచ్చారు. తమ పిల్లలను, మనవలను చూపిస్తూ, వీణ్ణి ఆయమ్మే, దీన్ని ఆయమ్మే అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆవిడ రాసిన సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆవిడ ఫోను తమ్ముడు ఎవరి చేతో లోపలున్నవన్నీ తీసేయించి వాడుకుంటున్నాడు. దాంట్లో ఏముండేదో ఆయనకు తెలియదు, ఆయన తప్పేమీ లేదు.

ఆవిడ పోయిన సంగతి బ్లాగులో పూలాయనే రాశాడు. ఎక్కడెక్కడివాళ్లో కింద నమస్కారాలు పెట్టారు. నన్ను కూడా ఒక వ్యాసం రాయమన్నారు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ వాక్యం దిద్దుతూ కూర్చుంటాను, దిద్దుతుంటే ఆ జాబితా కళ్లముందుకొస్తుంది, ఫోను పక్కన పెట్టేస్తాను. పూలాయన కూడా తర్వాత రాయడం తగ్గించి, మానేశాడు. మార్కెట్ విషయాలు ఎవరికి చెప్పాలి ఇంక అన్నాడు. ఆ చోట ఇప్పటికీ చదవదగ్గ వ్యాసాలు వస్తూనే ఉంటాయి. చదువుతాను. బాగుంటాయి. కింద ఏమీ రాయను.

మూడు నెలల తర్వాత ఒక్కసారి బాగేపల్లి వెళ్లాను. మరదలు సంతోషంగానే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. వానలు బాగా పడ్డాయంది, వేరుశనగ ఈసారి బాగుంటుందంది. మా అత్త కాలు ఎట్లుందో అడిగింది, చెప్పాను. మా స్కూలు గురించి అడిగింది, చెప్పాను. ఆ గదిలో ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకున్నారు. కాసేపటికి ఇద్దరికీ మాటలు అయిపోయాయి. మా ఇద్దరినీ కలిపిన మనిషి మధ్యలో లేదు. ఆమె నన్ను బస్టాండు దాకా వచ్చి సాగనంపింది. "వస్తా ఉండమ్మా" అంది. వస్తానన్నాను. చేలూరు బస్సు సిద్ధంగా ఉంది, ఎక్కి కూర్చున్నాను.